శనగచేలో జింకల మేత
ఎండలు ముదిరే ముందు ఏటా ఎవరో ఒకరు అంటారు, కర్నూలు, అనంతపురం బీళ్లలోని జింకలకు గడ్డి మోపులు వేయాలని. నీళ్ల వరకు పేచీ లేదు. నల్లమలలో అటవీశాఖ సాసర్ పిట్లు (జంతువులు నీళ్లు తాగే లోతు తక్కువ సిమెంటు తొట్లు) కట్టి ట్యాంకర్లతో నింపుతూనే ఉంది. మేత సంగతే వేరు.

అడవి జంతువుకు మేత వేయడంలో పేరుమోసిన చోటు అమెరికాలోని వయోమింగ్. అక్కడి జాక్సన్ లోయలో ఎల్క్ అనే పెద్ద దుప్పులు చలికాలం కొండ దిగి మేసే పచ్చికలోనే ఊరు లేచింది, పశువుల క్షేత్రాలు వచ్చాయి. మంచుకు ఆకలితో మందలు చచ్చిపోతుంటే ఎండుగడ్డి వేయడం మొదలుపెట్టారు. 1912లో వాటికోసం ప్రత్యేకంగా రక్షిత ప్రాంతమే ఏర్పాటైంది. అక్కరకు మొదలైన ఆ మేతను వందేళ్లు దాటినా మానలేకపోతున్నారు. ఒకేచోట గుమిగూడిన మందల్లో బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం పాకింది. 1967లో కొలరాడోలో తొలిసారి గమనించిన క్షీణ రోగం (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) ఇంకా పెద్ద భయం. మెదడును గుల్ల చేసే ఆ జబ్బుకు మందు లేదు, దాన్ని కలిగించే ప్రొటీన్ మట్టిలో ఏళ్లతరబడి ఉంటుంది. జాలిపడి మొక్కజొన్న పోసినా ప్రమాదమే. కొమ్మలు, బెరడు నమిలి అలవాటైన కడుపులో ఒక్కసారిగా గింజ పడితే పులిసి జింక చచ్చిపోతుంది. జొన్న కుప్ప మీద పడి పొట్ట ఉబ్బిన మేకను చూసిన మన గొర్రెల కాపరికి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మన దగ్గర మంచు లేదు గానీ చలికాలం మేత మాత్రం ఉంది. దాన్ని వేస్తున్నది రైతే. ఆలూరు నుంచి ఉరవకొండ దాకా నల్లరేగళ్లలో శనగ విత్తి మొలక లేచేసరికి కృష్ణజింకల మందలు దిగుతాయి. పాత చీరలు కట్టినా, రాత్రంతా డబ్బాలు కొట్టినా నాలుగు రోజులే బెదురు. తెల్లారితే మొలక ఉండదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ జింక మీద చెయ్యి వేయరాదు, పైగా అది రాష్ట్ర జంతువు. పట్టి అడవిలో వదలమని రైతులు అడుగుతారు. కానీ కృష్ణజింకకు కావలసింది చెట్ల అడవి కాదు, బయలు. అదీగాక, పట్టుకునేటప్పటి బెదురుకే ప్రాణం విడిచేవి ఉంటాయి.

రోళ్లపాడు కథ చూస్తే చిక్కుముడి అర్థమవుతుంది. బట్టమేక పిట్టల కోసం 1988లో అక్కడ (ఇప్పుడది నంద్యాల జిల్లా) సుమారు 614 హెక్టార్ల గడ్డి బీడును అభయారణ్యంగా ప్రకటించారు. రక్షణ దొరికి పెరిగింది జింక, తగ్గింది పిట్ట. చుట్టూ కాలువ నీళ్లు వచ్చి పంటలు మారాయి. మంద పెరిగింది, బీడు పెరగలేదు. కంచె దాటితే చేలే కదా, దాటకేం చేస్తాయి? పిట్ట కోసం ఊరిమీద పెట్టిన ఆంక్షలకు జింక నష్టం తోడై, పక్క ఊళ్లలో అభయారణ్యం మీద కోపం పేరుకుంది.

గడ్డి మోపులతో ఇది తీరేది కాదని నా అభిప్రాయం. మోపు వేసిన చోటికి మంద చేరుతుంది, ఆ చోటు పక్కన మళ్లీ ఎవరిదో చేను. పాత కర్నూలు జిల్లాలోనే గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకు దొరికిన నేల సుమారు 24 చదరపు కిలోమీటర్లు. రోళ్లపాడు మొత్తం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కరెంటు వద్దని కాదు, బీడు అంటే ఖాళీ నేల అని రాసుకునే రెవెన్యూ లెక్కలో మేసే జంతువుకు గడి లేదు. మేత గురించి మాట్లాడేవాళ్లు మోపుల లెక్క పక్కన పెట్టి, ఇంకా మిగిలిన గడ్డి బీళ్లు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో ముందు అడగాలి.