ఆరోగ్య సేవల్లో సామాజిక పెట్టుబడి: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

సమాజ ఆరోగ్య సేవలకు పెట్టుబడి సమకూర్చే పనిలో ఉన్నానని చెప్పగానే, ‘జబ్బుపడ్డవాళ్ల మీద సంపాదిస్తారా?’ అని కొందరు అడుగుతారు, ‘విరాళానికే ఇంకో పేరు పెట్టారన్నమాట’ అని ఇంకొందరు తేల్చేస్తారు. రెండూ సరికాదు. కానీ అడిగినవాళ్ల మీద కోపం రాదు నాకు, ఎందుకంటే దీన్ని మేం సరిగ్గా చెప్పలేదు.

అపోహ: ఇది విరాళమే.

కాదు. విరాళం ఇచ్చినవాళ్లు డబ్బు వెనక్కి అడగరు. ఇక్కడ పెట్టిన అసలు సొమ్ము తిరిగి రావాలి, వీలైతే దాని మీద కొంత రాబడి రావాలి, దాంతోపాటు జనం ఆరోగ్యం నిజంగా బాగుపడిందని కొలిచి చూపించాలి. ఈ తరహా పెట్టుబడికి ‘ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్’ అన్న పేరు 2007లో, ఇటలీలోని బెలాజియోలో అమెరికా దాతృత్వ సంస్థ రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ జరిపిన సమావేశంలో పుట్టింది. మార్కెట్‌తో సమానంగా రాబడి కావాలనేవాళ్లూ ఇందులో ఉన్నారు, అసలు వస్తే చాలనేవాళ్లూ ఉన్నారు. పెట్టుబడి కోసం వెళ్లినప్పుడు మీ ఎదురుగా కూర్చున్నది వీళ్లలో ఎవరో మొదటి మీటింగ్‌లోనే అడిగి తెలుసుకోండి.

అపోహ: లాభం రోగి జేబులోంచే వస్తుంది.

ఫీజులతో నడిచే క్లినిక్‌కు అప్పు ఇస్తే కొంతవరకు నిజమే. అయితే ఫలితాన్ని బట్టి చెల్లించే ఒప్పందాలు వేరు. వీటినే సోషల్ ఇంపాక్ట్ బాండ్లు అంటారు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో 2015లో మొదలైన ‘వేస్ టు వెల్‌నెస్’ తీసుకోండి. షుగరు, ఆస్తమా, గుండెజబ్బు లాంటి దీర్ఘకాలిక సమస్యలున్న 40 నుంచి 74 ఏళ్లవాళ్లను డాక్టర్లు ఒక లింక్ వర్కర్ దగ్గరికి పంపేవారు. ఆ వర్కర్ మందులిచ్చేవారు కాదు. కూర్చుని మాట్లాడి, నడక బృందమో, అప్పుల విషయంలో సలహాయో, ఒంటరితనం పోగొట్టే ఏదో ఒక వ్యాపకమో, ఆ మనిషికి ఏది అవసరమో చూసి అక్కడికి చేర్చేవారు. ముందు ఖర్చు ఇన్వెస్టర్లది. రోగుల శ్రేయస్సు మెరుగైతే, ఆసుపత్రి ఖర్చు తగ్గితే, ప్రభుత్వ పక్షం ఇన్వెస్టర్లకు చెల్లించేది. రోగి చేతి నుంచి ఒక్క పైసా కదల్లేదు.

అపోహ: ఫలితం రాకపోయినా పెట్టుబడిదారుకి పోయేదేమీ లేదు.

ఆరోగ్య రంగంలోది కాకపోయినా, 2012 నాటి న్యూయార్క్ రైకర్స్ ఐలాండ్ జైలు ఒప్పందం దీనికి మంచి ఉదాహరణ. కుర్రాళ్లు మళ్లీ జైలుకు రాకుండా చూసే ఆ కార్యక్రమానికి గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు అప్పు ఇచ్చింది. ఫలితం రాలేదు, 2015లో ఆపేశారు, నగరం ఏమీ చెల్లించలేదు. బ్లూమ్‌బర్గ్ ఫౌండేషన్ హామీ ఉండబట్టి గోల్డ్‌మన్ నష్టం 12 లక్షల డాలర్లతో సరిపోయింది. నా లెక్కలో ఒప్పందం రాసుకున్నట్టే పనిచేసింది. కాకపోతే ఆ హామీ లేకుంటే ఆ అప్పు పుట్టేదా అన్నది కూడా అడగాలి, ‘రిస్క్ అంతా ప్రైవేటుదే’ అని ఎవరైనా చెప్పినప్పుడు.

అపోహ: ఎంత ఎక్కువమందికి సేవ అందితే అంత ప్రభావం.

నన్ను బాగా బాధపెట్టేది ఇదే. ఒకసారి ఒక సంస్థ రక్తపోటు శిబిరాల రిజిస్టర్లు చూస్తున్నాను. పేరు, వయసు, రీడింగ్, సంతకం, అన్నీ నీటుగా ఉన్నాయి, పేజీలకు పేజీలు. ఒకావిడ పేరు దగ్గర 170/100 అని ఉంది. పక్కన ‘రెండో రీడింగ్’ గడి ఖాళీ. మందులు మొదలుపెట్టిందా, మళ్లీ వచ్చిందా, ఎవరైనా ఫోన్ చేసి కనుక్కున్నారా, ఎక్కడా లేదు. పేజీ తిప్పాను, ఆ గడి అక్కడా ఖాళీయే. రిపోర్టులో మాత్రం ఆవిడ కూడా ‘లబ్ధిదారు’ లెక్కలో ఉంది. ఆ రోజు నుంచి ఏ ఫైలు తెరిచినా ముందు రెండో రీడింగ్ ఉన్న పేజీయే వెతుకుతాను.

రెండో రీడింగ్ ఉన్నా పని అయిపోదు. ఈ సేవ లేకపోయినా వాళ్లు బాగుపడేవాళ్లేమో? అందుకే సేవ అందని, అలాంటివాళ్లే ఉన్న ఇంకో గుంపుతో పోల్చాలి. ఇంకో ప్రమాదం ఏంటంటే, ఫలితానికి డబ్బు ముడిపెట్టగానే తేలిగ్గా బాగుపడేవాళ్లనే చేర్చుకుని మొండి కేసుల్ని బయట నిలబెట్టాలన్న ఆశ పుడుతుంది. ఎవరిని చేర్చుకోవాలన్న నిర్ణయం సేవ చేసే సంస్థ చేతిలో పెట్టకండి.

అపోహ: మనసు బాగుందో లేదో కొలవలేం.

కొలవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ల డబ్ల్యూహెచ్ఓ-5 అనే ప్రశ్నల పట్టికలో ప్రశ్నలు ఐదే, గత రెండు వారాలు ఎలా గడిచాయని అడుగుతుంది, స్కోరు 0 నుంచి 100 దాకా ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, సేవ చేసిన మనిషే వచ్చి అడిగితే మొహమాటానికి ‘బాగానే ఉన్నా’ అనేస్తారు. అడిగే మనిషి వేరేవాళ్లు కావాలి.

అపోహ: చిన్న సంస్థలు కూడా బాండ్ల దారి పట్టాల్సిందే.

అక్కర్లేదు. లాయర్లకు, మూల్యాంకనానికి అయ్యే ఖర్చు చిన్న సంస్థను మింగేస్తుంది. చాలాచోట్ల అసలు అవసరం ఇంకోటి: నర్సుల జీతాలు నెలనెలా ఇవ్వాలి, చేసిన పనికి రావాల్సిన బిల్లు నెలల తరబడి రాదు. ఆ మధ్యకాలం గట్టెక్కించే మామూలు అప్పు చాలు. దరఖాస్తులో ఆ మాట రాయడానికి జంకి, చివరి పేజీలో ఒక మూలన ఇరికిస్తారు. మొదటి పేజీలోనే రాయండి, ఎన్ని నెలలకు ఎంత కావాలో అంకెతో సహా.