డెత్ సర్టిఫికెట్‌లో ఒక గడి, మేరీల్యాండ్‌లో 87 చావులు

అమెరికాలో అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే మెడికల్ ఎగ్జామినర్ పని పోస్టుమార్టంతో అయిపోదు. డెత్ సర్టిఫికెట్‌లో అది ఎలాంటి చావో కూడా ఆయనే రాయాలి: సహజం, ప్రమాదం, ఆత్మహత్య, హోమిసైడ్, తేల్చలేనిది. హోమిసైడ్ అంటే నేరం రుజువైందని కాదు, ఇంకొకరు చేసిన పని వల్ల ప్రాణం పోయిందని, అంతే. కానీ పోలీసుల చేతిలో ఎవరైనా పోయినప్పుడు ఆ మాట పడకపోతే వాళ్ల మీద కేసు ముందుకు కదలడం కష్టం.

డాక్టర్ డేవిడ్ ఫౌలర్ 2019 చివరిదాకా మేరీల్యాండ్ రాష్ట్ర చీఫ్ మెడికల్ ఎగ్జామినర్. రిటైరయ్యాక, 2021 ఏప్రిల్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి హత్య కేసులో నిందితుడైన పోలీసు డెరెక్ షావిన్ తరఫున సాక్ష్యం చెప్పారు. మెడ మీద మోకాలు ఎంతసేపుందో లోకమంతా వీడియోలో చూసింది, ఈయన మాత్రం గుండె జబ్బు, డ్రగ్స్, చివరికి పక్కనున్న పోలీసు కారు పొగ కూడా లెక్కలోకి తెచ్చి, నేనైతే "తేల్చలేనిది" అని రాస్తానన్నారు. దాంతో 400 మందికి పైగా డాక్టర్లు లేఖ రాశారు, ఈయన హయాంలో కస్టడీ చావుల ఫైళ్లు కూడా ఒకసారి తిరగేయండి అని.

ఆ ఫైళ్లు ఎలా ఉండేవంటే, 2018లో గ్రీన్స్‌బరో అనే చిన్న ఊళ్లో 19 ఏళ్ల నల్లజాతి కుర్రాణ్ణి పోలీసులు తల్లి ఇంటి ముందే బోర్లా పడేసి దాదాపు ఆరు నిమిషాలు అదిమి పట్టారు. బాడీ కెమెరాలో అంతా ఉంది. గుండెలో పుట్టుకతో ఉన్న లోపం అని చెప్పి, గడిలో "ప్రమాదం" అని రాశారు.

ఇలాంటి చోట్ల బాగా అక్కరకొచ్చిన మాట "ఎక్సైటెడ్ డెలిరియం", అంటే ఉద్రేకం హద్దు దాటి మనిషి తనంతట తనే చనిపోతాడని. ఈ మాటని 1980లలో ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో మయామీ డాక్టర్ చార్లెస్ వెట్లీ ముఖ్యుడు. అప్పట్లో అక్కడ వరసగా చనిపోతున్న నల్లజాతి మహిళల విషయంలో ఆయన కొకైన్, సెక్స్ కలిస్తే వచ్చే చావు అన్నారు. తీరా ఆయన పైఅధికారి ఫైళ్లు మళ్లీ చూస్తే ఊపిరాడకుండా చేసి చంపినట్టు తేలింది, వెనక ఒక సీరియల్ కిల్లర్ ఉన్నాడని పోలీసుల అనుమానం. అక్కడే ఆ మాట చచ్చిపోవాల్సింది! మెడికల్ ఎగ్జామినర్ల జాతీయ సంఘం దాన్ని వదిలేసింది మాత్రం 2023లో.

డాక్టర్లు అడిగినట్టే మేరీల్యాండ్‌లో ఆ ఫైళ్ల మీద జరిగిన ఆడిట్ 2025 మేలో బయటికొచ్చింది. 87 కస్టడీ చావుల్ని, ఒక్కొక్కదాన్ని ముగ్గురు బయటి నిపుణులు విడివిడిగా చూశారు. 36 కేసుల్లో ముగ్గురూ హోమిసైడ్ అన్నారు, ఇంకో 5 కేసుల్లో ఇద్దరన్నారు. దాదాపు సగం ఫైళ్లలో ఆ డెలిరియం మాటే. చనిపోయింది నల్లజాతివాళ్లయితే హోమిసైడ్ అని రాయడం ఇంకా తక్కువట. ఆఫీసులో చాలామంది డాక్టర్లున్నారు, అన్నీ ఫౌలర్ చేత్తో రాసినవి కావు, అదీ నిజమే.

కేసులు మళ్లీ తెరవాలా వద్దా చూస్తామని మేరీల్యాండ్ అటార్నీ జనరల్ ఆంథొనీ బ్రౌన్ అప్పుడు చెప్పారు. పదేళ్లు దాటిన చావులకి సాక్షుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారో మరి.