“మీవాడికి లెక్కలు బాగా వస్తాయా?”: తెరమీది ఆటిజం వెనక కథ

విశాఖలో ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఆటిజం (మాటలోనూ నలుగురితో మసలడంలోనూ పుట్టుకతో ఉండే తేడా) ఉన్న పిల్లాణ్ణి స్పీచ్ థెరపీకి తిప్పే తల్లికి చుట్టాల దగ్గర తప్పని ప్రశ్న ఒకటుంది. “అయితే మీవాడికి లెక్కలు బాగా వస్తాయా?” పాపం, అడిగేవాళ్లు మంచికే అడుగుతారు. చాలామందికి ఆటిజం మొదట కనబడింది సినిమాలోనే మరి.

ఆ ప్రశ్న మూలం 1988 డిసెంబరులో విడుదలైన హాలీవుడ్ సినిమా ‘రెయిన్ మేన్’లో దొరుకుతుంది. డస్టిన్ హాఫ్‌మన్ వేసిన రేమండ్ నేలమీద చెల్లాచెదురైన పుల్లల్ని చూపుతోనే లెక్కపెట్టేస్తాడు. లాస్ వేగాస్ జూదశాలలో పేకముక్కలన్నీ గుర్తుపెట్టుకుని తమ్ముడికి డబ్బు గెలిచిపెడతాడు. సినిమాకి ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. రచయిత బారీ మారోకి ఈ కథ తట్టింది 1984లో కిమ్ పీక్ అనే ఆయన్ని కలిశాక. పీక్ చదివిన వేల పుస్తకాల్లో ఏది అడిగినా అప్పజెప్పేవాడు. చిక్కంతా ఇక్కడే ఉంది: పీక్‌ది ఆటిజం కాదు. మెదడు కుడి ఎడమ భాగాల్ని కలిపే నరాల కట్ట లేకుండా పుట్టిన మనిషి. ఆయన జ్ఞాపకశక్తికి ఆటిజం ఉన్నవాళ్ల మాటతీరూ అలవాట్లూ కలిపితే రేమండ్ అయ్యాడు.

ఇలాంటి అసాధారణ నైపుణ్యాలు ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటాయని అమెరికన్ మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ అంచనా. తెరకి నచ్చింది ఆ ఒక్కడే.

అలాగని ఆ సినిమాని తీసిపారెయ్యలేం. అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో పదకొండుమంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని వైద్యుల దృష్టికి తెచ్చాక, దశాబ్దాల పాటు నింద మోసింది తల్లులే. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డ అలా ముడుచుకుపోయాడని పెద్దపెద్ద నిపుణులే రాశారు. 1964లో ఆ వాదాన్ని పుస్తకం రాసి ఎదిరించినవాడు ఈ రిమ్లాండే. ఆయన కొడుక్కీ ఆటిజం. ‘రెయిన్ మేన్’కి సలహాలిచ్చిన వాళ్లలో ఆయనా ఉన్నాడు. తల్లిని దోషిగా నిలబెట్టకపోవడమే ఆ రోజుల్లో పెద్ద సంగతి.

మనకి అంతకు రెండేళ్ల ముందే, 1986లో, ‘స్వాతిముత్యం’ వచ్చింది. శివయ్యకి ఆటిజమని తర్వాతివాళ్లు అన్నారే గాని సినిమా ఏ పేరూ పెట్టలేదు. నా మటుకు పెట్టకపోవడమే మంచిదయింది. కమల్ హాసన్ నటనకి వంక పెట్టలేం గాని, అది ఆటిజం కథగా తీసింది కాదు, ఓ అమాయకుడి కథ. సీతారామ కల్యాణంలో అందరి ముందూ వితంతువు మెడలో తాళి కట్టేస్తాడు, తర్వాత మెల్లగా సంసారంలో పడతాడు. “పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు” అనే సామెత ఉన్న సమాజానికి ఆ కథ ఎంత హాయిగా ఒప్పిందో వేరే చెప్పాలా? పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఇప్పటికీ ఆశపడే ఇళ్లున్నాయి.

మేధావి, అమాయకుడు. తర్వాతి పాత్రలు ఈ రెండు అచ్చుల్లోంచే వచ్చాయి. 2010లో షారుఖ్ ‘మై నేమ్ ఈజ్ ఖాన్’, 2012లో ప్రియాంకా చోప్రా ‘బర్ఫీ’. 2013 నాటి తమిళ ‘హరిదాస్’ ఒక్కటి తండ్రి అలసటని దగ్గరగా చూపించింది. అక్కడా పిల్లాడు పరుగులో రాణించాల్సి వచ్చిందనుకోండి.

చట్టం ఇంకా నెమ్మది. 1995 వికలాంగుల చట్టం జాబితాలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చోటు దొరికింది, 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో చేరింది. సినిమాల్లో వైకల్యాన్ని వెక్కిరింతగా వాడటంపై సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది 2024 జులైలో. మరుసటేడు ‘సితారే జమీన్ పర్’లో మేధోవైకల్యం, ఆటిజం వంటివి ఉన్నవాళ్లే పదిమంది నటించారు. అలాంటి పాత్రలు ఎవరు వెయ్యాలన్న ప్రశ్నకి హిందీలో ఓ జవాబు దొరికినట్టే.

చూసేవాళ్ల సంగతి మిగిలింది. జగదాంబ సెంటర్లో కొత్త సినిమా పడితే ఈలలు, దద్దరిల్లే సౌండు మనకి పండగ. శబ్దం పడని పిల్లాడు చెవులు మూసుకుని ఇంటర్వెల్‌కి ముందే బయటికొచ్చేస్తాడు. హాళ్లలో సౌకర్యాలపై కేంద్రం 2024 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలు వినికిడి, చూపు లోపాలున్నవాళ్ల కోసం. సౌండు తగ్గించి, లైట్లు కొంచెం వెలిగించి వారానికో ఆట వెయ్యడానికి మాత్రం ఏ మార్గదర్శకాలూ అక్కర్లేదు, హాలు మేనేజరు తలుచుకుంటే చాలు.