ఇల్లులు, పండులు, గోరులు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీ ఇంట్లో ఇప్పుడిప్పుడే మాటలు నేర్చుకుంటున్న తమ్ముడో చెల్లెలో ఉంటే, ‘కాకి’ని ‘తాతి’ అనీ ‘రైలు’ను ‘లైలు’ అనీ అనడం మీరు వినే ఉంటారు. ఆ ముద్దుమాటలను నలుగురి ముందూ మళ్ళీ మళ్ళీ పలికించాలని మీకు సరదా పుట్టడం సహజమే కానీ, వాటి వెనుక ఎంత పని జరుగుతోందో తెలిస్తే ఆ సరదాకు కాస్త గౌరవం కూడా తోడవుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మ, పాప, బువ్వ వంటి మాటలు ముందుగా రావడానికి కారణం ఉంది. మ, ప, బ పలకడానికి పెదవులు కలిపి విడిస్తే చాలు. ఆ కదలిక పసివాళ్ళ కంటికి కనబడుతుంది కూడా. ‘క’ పలకాలంటే నాలుక వెనుక భాగం పైకి లేచి అంగిలిని తాకాలి. అది చేతకానంత కాలం నాలుక కొనతో పలికే ‘త’తో సరిపెట్టుకుంటారు. నాలుక కొన అదరవలసిన ‘ర’ చాలామందికి ఆలస్యంగా పట్టుబడుతుంది.

నోరు తిరగనంత మాత్రాన చెవికి తేడా తెలియదనుకోకండి. మీరెవరైనా ‘లైలు’ అంటే, “లైలు కాదు, లైలు!” అని ఉక్రోషపడే పిల్లలున్నారు. ఎదుటివారి తప్పు వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేవి ‘ఇల్లులు’, ‘పండులు’, ‘గోరులు’. పెద్దవాళ్ళెవరూ అలా అనరు కనుక ఇవి విని పట్టుకున్న మాటలు కావు. బొమ్మలు, పువ్వులు, మేకలు అనే మాటలు వినీ వినీ, ఒకటికి మించి ఉంటే చివర ‘లు’ చేర్చాలనే సూత్రాన్ని, వ్యాకరణమన్న పేరైనా ఎరగని ఆ పసిబుర్ర తనంతట తానే కనిపెట్టుకుంది. ఇళ్ళు, పళ్ళు, గోళ్ళు ఆ సూత్రానికి లొంగకపోవడం భాష చేసిన చిత్రమే తప్ప బిడ్డ తప్పు కాదు. 1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు పిట్టలాంటి బొమ్మ గీసి, దానికి ‘వగ్’ అని భాషలో లేని పేరు పెట్టి, అలాంటివి రెండుంటే ఏమంటారని చిన్నపిల్లలను అడిగారు. ఎన్నడూ వినని ఆ మాటకు కూడా చాలామంది ‘వగ్స్’ అని ఇంగ్లీషు బహువచనం చేర్చి చెప్పారు.

అందుచేత చెల్లెలు “పండులు కావాలి” అన్నప్పుడు వెక్కిరించకుండా, “పళ్ళు కావాలా? ఇవిగో పళ్ళు” అని సరైన మాటను మామూలుగా వినిపించండి. వెక్కిరిస్తే కొందరు బిడియపడి నోరు విప్పడమే తగ్గించేస్తారు. మీ ఇంట్లో పుట్టిన ఇలాంటి మాటలను తేదీ వేసి నోటుబుక్కులో రాసి ఉంచండి. నాకు కూడా రాసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య