దర్పణ్ ఐడీ వచ్చింది, మరి గ్రాంట్ ఏదీ?

ఒంగోలులో స్వచ్ఛంద సంస్థల ఫైళ్లు, లెక్కలు చూడటం నా పని. కావలి నుంచి ఫోన్ వచ్చినా, సింగరాయకొండ నుంచి వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "దర్పణ్ ఐడీ వచ్చింది సార్, డబ్బులు ఎప్పుడు పడతాయి?"

పడవు. అది నీతి ఆయోగ్ పోర్టల్ ఇచ్చే గుర్తింపు నంబర్, అంతే. కేంద్ర గ్రాంటుకు అప్లై చేయాలంటే అడుగుతారు. ఆధార్ ఉన్నంత మాత్రాన పెన్షన్ రాదు కదా! పైగా ఆ రిజిస్ట్రేషన్ ఉచితం. ఏజెంట్లు మాత్రం 12ఎ, 80జి కలిపి ప్యాకేజీ అని వేలు గుంజుతారు. ఆ రెండూ ఇన్‌కమ్ ట్యాక్స్ వ్యవహారాలు. ఒకటి సంస్థకు మినహాయింపు, రెండోది దాతకు.

కావలి దగ్గర వృద్ధాశ్రమం నడిపే ఒకావిడ గాజులు కుదువపెట్టి మరీ ఓ ఏజెంటుకు డబ్బు కట్టింది. "ఢిల్లీలో మనవాళ్లున్నారు" అన్నాడట. అతను రాసిచ్చిన బైలా (సంస్థ నియమావళి) తెరిస్తే రెండో పేజీలో వేరే ఊరి పేరు! కాపీ కొట్టి మార్చడం కూడా మరిచాడు మహానుభావుడు. ఆవిడ మీద కోపం ఎలా వస్తుంది? నెలాఖరుకి బియ్యం ఎలాగా అన్న టెన్షన్‌లో ఉన్న మనిషి. "అమ్మా, ఏజెంటుకు రెండో విడత ఇవ్వొద్దు. ముందు ఆడిట్ చేయిద్దాం, ఆశ్రమంలో ఉన్నవాళ్ల రిజిస్టర్ సరిచేద్దాం" అన్నాను.

ఎందుకంటే డబ్బు సంస్థకు కాదు, స్కీముకు కేటాయిస్తారు. ఆ స్కీము గైడ్‌లైన్స్‌లో మీ పని ఉండాలి. చాలా వాటికి రెండు మూడేళ్ల పని, ఆడిట్ లెక్కలు కావాలి. సామాజిక న్యాయ శాఖవైతే ఈ-అనుదాన్ పోర్టల్‌లో పెడతాం. తనిఖీకి వచ్చినవాళ్లు మంచాలు, వంటగది, హాజరు పట్టీ చూసి రిపోర్టు రాస్తారు. మంజూరైతే నేరుగా సంస్థ ఖాతాకే, అదీ విడతలుగా. ఇందులో ఎవరికీ పర్సంటేజీ లేదు.

ఎమ్మెల్యే లెటర్ ఉంటే చాలా? తనిఖీ రిపోర్టు బాగా లేకపోతే ఆ లెటర్ ఏం చేస్తుంది?

వచ్చాక మన ఇష్టమా? కాదు. గ్రాంటు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ పత్రం ఇవ్వాలి. దాని 12-ఎ ఫారంలో (ఇన్‌కమ్ ట్యాక్స్ 12ఎ కాదు, ఇది వేరు) బ్యాంకు వడ్డీ కూడా చూపాలి. మిగిలింది తిరిగి కట్టమంటారు, లేదా తర్వాతి విడతలో కోస్తారు. "మా డబ్బు ఎవరో తినేశారు" అని వచ్చినవాళ్ల ఫైలు తీస్తే, తరచూ పాత వినియోగ పత్రమే పెండింగ్.

ఇప్పటికే ఏజెంటుకు కట్టినవాళ్లు ఈరోజే దర్పణ్‌లో ఎవరి ఫోన్ నంబర్ ఉందో చూసుకోండి. కావలి ఆవిడ ఓటీపీలన్నీ ఆ ఏజెంటుకే వెళ్తున్నాయి.