పీడీ సారు చేతిలో కాగితం: కోచ్‌లపై చర్యల వెనక కథ

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా సెలక్షన్స్ జరిగే రోజున ఏదైనా కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లి ఓ పక్కన నిలబడి చూడండి. కబడ్డీ కోర్టుకి వేసిన సున్నం గీతలు ఇంకా ఆరి ఉండవు. ముప్పై మంది ఆడపిల్లలు వరసగా కింద కూర్చుని ఉంటారు. వాళ్లలో సగం మంది కళ్లు ఆట మీద ఉండవు, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు చంకలో ఉన్న అట్ట మీద, దానికి క్లిప్పు పెట్టిన కాగితం మీద ఉంటాయి. అందులో పేరుంటే విక్రమ సింహపురి యూనివర్సిటీ జట్టుకో, ఆంధ్రకేసరి యూనివర్సిటీ జట్టుకో దారి దొరికినట్టు. అక్కణ్నుంచి అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, ఆ తర్వాత వాటిలో ఆడినట్టు ఇచ్చే ఫారం-3 సర్టిఫికెట్, దాన్ని పట్టుకుని స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్రీడా విధానం తెచ్చి ఉద్యోగాల్లో ఆ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది కూడా. ఆ కాగితం విలువ ఇంకాస్త పెరిగిందన్నమాట.

కోచ్‌కీ క్రీడాకారిణికీ మధ్య 'సంబంధం' అనే మాట చెవిన పడినప్పుడల్లా నాకు ముందు ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఎందుకంటే ఊళ్లో వినిపించే మాటలు వేరేగా ఉంటాయి. 'ఇద్దరికీ ఇష్టమేనంట', 'ఆ పిల్లే వెంటపడిందంట', 'అతనికి పెళ్లాం బిడ్డలున్నారు, అల్లరి చేసి ఏం లాభం'. ఇంట్లో అమ్మ 'గమ్మునుండు, పెళ్లి కావాల్సిన పిల్లవి' అంటుంది. కాలేజీ వాళ్లు కోచ్‌ని గదిలోకి పిలిచి నాలుగు తిట్టి, రాజీనామా రాయించుకుని, చేతిలో ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టి పంపేస్తారు. 'కాలేజీ పేరు పోకూడదు' అన్నది ఒకటే మంత్రం. వచ్చే జూన్‌కి ఆయన పక్క ఊరి గ్రౌండ్‌లో మెడలో విజిల్‌తో కనిపిస్తాడు. పిల్ల మాత్రం హాస్టల్ ఖాళీ చేసి, టీసీ తీసుకుని ఇంటికెళ్లిపోతుంది. ఆట అక్కడితో ఆఖరు. అంటే మొదటి శిక్ష పడేది ఫిర్యాదు చేసినామెకే.

అందరు కోచ్‌లూ అలాంటివాళ్లేనని నేననను. జీతంలోంచి పిల్లలకు బూట్లు కొనిపెట్టే పీడీలు నాకు తెలుసు. తప్పు చేసినవాడికి ఏ శిక్ష ఉందో, అది ఎందుకింత ఆలస్యంగా వచ్చిందో, వచ్చాక కూడా ఎక్కడ ఆగిపోతోందో చెప్పాలంటే మాత్రం గ్రౌండ్ దాటి కొంచెం వెనక్కి వెళ్లాలి.

మొదటి చిక్కుముడి 'ఇష్టం' అనే మాటలోనే ఉంది. 1972లో మహారాష్ట్రలో మధుర అనే గిరిజన బాలిక మీద పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగింది. ఆమె ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. అదే ఏడాది హైదరాబాద్‌లో రమీజాబీ మీద పోలీసులే అత్యాచారం చేశారు, ఆమె భర్త వాళ్ల దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. విచారణ కమిషన్ తప్పు పోలీసులదేనని తేల్చినా, కోర్టులో వాళ్లు బయటపడ్డారు. ఎదుటివాడి చేతిలో అధికారం ఉన్నప్పుడు ఆడమనిషి నోరు మెదపకపోవడాన్ని ఒప్పుకోవడంగా లెక్కేయొచ్చా అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా లేచింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో సుప్రీంకోర్టుకే బహిరంగ లేఖ రాశారు.

ఆ ఒత్తిడితో 1983లో చట్టం మారింది. తన చేతి కింద ఉన్న స్త్రీని పదవి చూపించి లొంగదీసుకుంటే, అది అత్యాచారం కిందికి రాకపోయినా నేరమేనన్నారు. కానీ ఎవరెవరికి? ప్రభుత్వోద్యోగికి, జైలు అధికారికి, ఆసుపత్రి సిబ్బందికి. పాఠం చెప్పే మాస్టారు, ఈల ఊదే కోచ్ ఆ వరసలో లేరు. గురువుని అనుమానించే అలవాటు మనకు లేదు మరి.

క్రీడల్లో ఈ సంగతి దేశమంతా మాట్లాడుకున్నది రుచికా గిర్హోత్రా కేసుతో. 1990 ఆగస్టు, హర్యానాలోని పంచకుల. పద్నాలుగేళ్ల టెన్నిస్ క్రీడాకారిణి. వేధించిన రాథోర్ కోచ్ కాదు, రాష్ట్ర టెన్నిస్ సంఘం అధ్యక్షుడు, పైగా పోలీసు ఉన్నతాధికారి. ఫిర్యాదు చేశాక బడివాళ్లు ఆ పిల్లను తీసేశారు, సోదరుడి మీద కార్ల దొంగతనం కేసులు వచ్చిపడ్డాయి. 1993 డిసెంబరులో ఆమె ప్రాణం తీసుకుంది. తీర్పు 2009లో వచ్చింది: ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. మరుసటి ఏడాది పై కోర్టు దాన్ని ఏడాదిన్నర చేసింది. 2016లో సుప్రీంకోర్టు నేరం రుజువైందంటూనే, అప్పటికే అనుభవించిన శిక్ష చాలంది.

1992 సంగతి మన జిల్లావాళ్లు మరిచిపోరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల సారా పోరాటం రాష్ట్రమంతా పాకిన ఏడాది అది. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీ దేవి అనే గ్రామ కార్యకర్త మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె చేస్తున్నది ఉద్యోగం, ఆ పని చేసినందుకే దాడి జరిగింది. మరి కాపాడాల్సింది ఎవరు? మహిళా సంఘాలు వేసిన ఆ కేసులోనే 1997 ఆగస్టులో పనిచోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక్కడ విశాఖ అంటే మన విశాఖపట్నం కాదు, కేసు వేసిన సంస్థ పేరు. అవి చట్టంగా మారడానికి మరో పదహారేళ్లు పట్టింది.

2012, 2013 సంవత్సరాల్లో మూడు మార్పులు వెంటవెంటనే వచ్చాయి. మొదటిది పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం. 2012 నవంబరు 14 నుంచి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో 'ఇష్టం' అన్న మాటకు చట్టంలో చోటు లేదు. ఇంటర్ చదివే పిల్లల్లో ఎక్కువమంది ఈ వయసువాళ్లేనని కాలేజీల వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. నేరం చేసినవాడు ఆ విద్యాసంస్థ సిబ్బందే అయితే అది తీవ్ర నేరం. 2019 సవరణ తర్వాత అందులో అతి తీవ్రమైనదానికి కనీస శిక్ష ఇరవై ఏళ్లు. సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ప్రిన్సిపాల్‌కి కూడా ఏడాది వరకు జైలు పడొచ్చు. 'లోపల్లోపలే సర్దేశాం' అనడమే ఇక్కడ నేరం.

రెండోది శిక్షాస్మృతి సవరణ. 1983 నాటి జాబితాలోకి 'అధికార స్థానంలో ఉన్నవారు', 'నమ్మకంతో కూడిన బాధ్యతలో ఉన్నవారు' అన్న మాటలు చేరాయి. అమ్మాయికి పద్దెనిమిది నిండి, తను ఒప్పుకుందనే అనుకున్నా, ఆ స్థానాన్ని వాడుకుని లైంగిక సంబంధానికి లొంగదీసుకున్నట్టు రుజువైతే ఐదు నుంచి పదేళ్ల కఠిన శిక్ష. 2024 జులై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహితలో 68వ సెక్షన్. 'ఇద్దరూ మేజర్లే కదా' అని చేతులు దులుపుకునేవాళ్లకు ఈ సెక్షన్ గురించి ఎవరో ఒకరు చెప్పాలి. జట్టు జాబితా రాసే మనిషి ఈ నిర్వచనంలోకి వస్తాడనే నా నమ్మకం, వాడుకున్నాడా లేదా అన్నదే రుజువు కావాల్సింది.

మూడోది 2013 డిసెంబరు 9న అమల్లోకి వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల చట్టం. పనిచోటు అంటే ఆఫీసు ఒక్కటే కాదు, స్టేడియం, క్రీడా శిక్షణ సంస్థ, పోటీలు జరిగే చోటు కూడా అని అందులో విడిగా రాశారు. పదిమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. విచారణ తొంభై రోజుల్లో తేలాలి. డిగ్రీ కాలేజీలు, యూనివర్సిటీలకు యూజీసీ 2016లో విడిగా నిబంధనలు పెట్టింది. ఫిర్యాదు విద్యార్థిదైతే కమిటీలో విద్యార్థులు కూడా కూర్చోవాలి, రిజిస్ట్రార్లు, డీన్‌ల వంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు కూర్చోకూడదు.

ఇంతవరకు బాగుంది. కాకపోతే ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు. ఆటల క్యాలెండర్ తెలిసినవాళ్లకు ఇందులో ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది. సెలక్షన్స్ ముందు వేధింపు మొదలైతే, టోర్నమెంట్ అయ్యి సర్టిఫికెట్ మీద సంతకం పడేదాకా ఏ పిల్లా నోరు విప్పదు. సంతకం చేతికొచ్చేసరికి గడువు దాటిపోతుంది. పోలీసు కేసుకి ఈ గడువు లేదు, కానీ స్టేషన్ మెట్లెక్కే ఇల్లు ఎన్నింటికొకటి?

విచారణ జరిగితే మాత్రం సరిగ్గా జరగాలి. గోవా యూనివర్సిటీలో ఓ విభాగాధిపతి మీద 2009లో విద్యార్థినులు ఫిర్యాదు చేశారు, కమిటీ తప్పు తేల్చింది, ఉద్యోగం పోయింది. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. ఆయన ఏ తప్పూ చేయలేదని కాదు. కమిటీ హడావిడిగా విచారణలు ముగించి, ఆయన తన వాదన చెప్పుకోవడానికి సరైన అవకాశం ఇవ్వలేదని. పద్నాలుగేళ్ల తర్వాత కథ మళ్లీ మొదటికొచ్చింది. ఆ పిల్లల సంగతి ఆలోచించండి. నవోదయ విద్యాలయాల్లో వేరే పద్ధతి ఉంది. విద్యార్థిని మీద అసభ్య ప్రవర్తన విషయంలో పిల్లను అందరి ముందూ నిలబెట్టి ప్రశ్నించకుండా సంక్షిప్త విచారణతోనే టీచర్‌ని తీసేయొచ్చు. 1996లోనే సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

జాతీయ స్థాయిలో ప్రతిసారీ గొడవ ముందు, నిబంధన తర్వాత. 2010లో మహిళా హాకీ జట్టు కోచ్ మీద ఓ క్రీడాకారిణి ఫిర్యాదు చేసింది, ఆయన తప్పుకున్నాడు. మరుసటి ఏడాది వచ్చిన జాతీయ క్రీడాభివృద్ధి నియమావళిలో వేధింపుల నివారణ చేరింది. 2022లో స్లొవేనియా వెళ్లిన సైక్లిస్టు ఫిర్యాదుతో చీఫ్ కోచ్ కాంట్రాక్టు రద్దయింది, మహిళలున్న జట్టు వెంట మహిళా కోచ్ ఉండి తీరాలని భారత క్రీడా ప్రాధికార సంస్థ అప్పుడు చెప్పింది. 2023లో తమ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో రెజ్లర్లు ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నాక గానీ, సగం జాతీయ సమాఖ్యల్లో సరైన కమిటీలే లేవన్న సంగతి బయటపడలేదు.

అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 2012లో ఓ నమూనా విధానం ప్రచురించింది. ఇద్దరూ పెద్దవాళ్లే అయినా, ఇష్టపడినా, కోచ్‌కీ జట్టులో ఆడేవాళ్లకీ మధ్య అలాంటి సంబంధం కూడదని అందులో చెప్పింది, అయితే అమలు ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీదే. నాకు అంతకన్నా పనికొచ్చేదిగా కనిపించేది అక్కడి ఒలింపిక్ క్రీడల కోసం 2017లో మొదలైన సేఫ్‌స్పోర్ట్ కేంద్రం. నిషేధం పడిన కోచ్‌ల పేర్లు అక్కడ ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. బ్రిటన్ 2022లో ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే చట్టం మార్చి, పదహారు, పదిహేడేళ్ల పిల్లలతో కోచ్ సంబంధం పెట్టుకోవడాన్ని నేరం చేసింది. మన దగ్గర 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం మహిళలు, మైనర్ల రక్షణకి ఓ విధానం ఉండాలంటోంది. పక్క ఊరి కాలేజీవాళ్లు కొత్త పీడీని తీసుకునే ముందు పేరు కొట్టి చూసుకునే జాబితా అందులోంచి వస్తుందా అన్నదే నేను చూస్తున్నది.

ప్రభుత్వోద్యోగి అయితే కనీసం ఫైలంటూ ఉంటుంది. నలభై ఎనిమిది గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క, తర్వాత శాఖాపరమైన విచారణ. కాంట్రాక్టు మీద, గౌరవ వేతనం మీద పనిచేసే కోచ్‌కి ఏ ఫైలూ ఉండదు. రేపట్నుంచి రావద్దంటే అంతే.

ఇది రాయడానికి ముందు మా వైపు ఓ ప్రైవేటు కాలేజీకి వెళ్లాను. మెట్ల కింద నోటీసు బోర్డులో ఫీజు గడువు, బస్ పాస్‌ల ప్రకటన, వాటి వెనక సగం కనబడుతూ అంతర్గత కమిటీ కాగితం. ఎండకి పచ్చబడిపోయింది. అధ్యక్షురాలి పేరు, కింద సెల్ నంబరు. బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడి ఆ నంబరుకి ఫోన్ చేశాను. మేడమ్ వెంటనే ఎత్తారు.

'నేను రిటైరై రెండేళ్లయింది నాయనా,' అన్నారు. 'ఆ బోర్డు మీద ఇంకా నా పేరే ఉందా?'