ఫ్యూయల్ పంపు పెద్దది పెడితే: డబ్బా మీది అంకె వేరు, ఇంజన్‌కి చేరేది వేరు

భీమవరం, ఉండి వైపు చేపల చెరువులున్నవాళ్లకి మోటారు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కాలువ నీళ్లు నాలుగడుగులు ఎత్తితే పైపు నిండా పడతాయి. అదే మోటారుతో ఇరవై అడుగులు ఎత్తిస్తే ధార సన్నబడుతుంది. లో ఓల్టేజీ అయితే ఇంకా సన్నం. కారు ట్యాంకులో మునిగి ఉండే ఫ్యూయల్ పంపుదీ ఇదే తంతు. ఇక్కడ ఎత్తు బదులు పీడనం.

డబ్బా మీద గంటకి 255 లీటర్లని ఉంటే అది సాధారణంగా 40 పీఎస్‌ఐ (పీడనం కొలత, టైర్లకి గాలి కొట్టేటప్పుడు చెప్పేదే), 13.5 ఓల్టుల దగ్గరి లెక్క. ఇంజన్‌లోకి టర్బో అదనంగా తోసే గాలి పీడనాన్ని బూస్టు అంటారు. పెట్రోలు పీడనాన్ని ఆ బూస్టుని బట్టి సర్దే రెగ్యులేటరున్న కారులో టర్బో 1 బార్ తోస్తే, ఫ్యూయల్ రైలులో (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో) పీడనం 3 బార్ నుంచి 4 బార్‌కి, అంటే 58 పీఎస్‌ఐకి ఎక్కుతుంది. అక్కడ అదే పంపు అంత పోయదు. అందుకే కొనేముందు ఏ పీడనం దగ్గర ఎంత పోస్తుందో చెప్పే ఫ్లో చార్టు చూడాలి.

అసలు ఎంత కావాలి? టర్బో పెట్రోలు ఇంజన్ పూర్తి లోడు మీద ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి దాదాపు 0.37 లీటర్లు తాగుతుంది. 130 హార్స్‌పవర్‌కి 48 లీటర్లు. బంకులో పోసేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) అయితే మరో 7 శాతం కలపాలి: కిలో పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలే చాలు, కాబట్టి అదే గాలికి ఇంధనం ఎక్కువ పడుతుంది. పైన 25 శాతం వెసులుబాటు వేసుకున్నా 65 లీటర్లు దాటదు. అలాంటి కారుకి 255 పంపు పెట్టడం పెరటి పాదులకి పది హెచ్‌పీ మోటారు బిగించడమే.

ఎక్కువైతే నష్టమేంటంటారా? మిగులు పెట్రోలు ట్యాంకులోకి తిరిగి పోవాలి. ట్యాంకులోనే ఉండే చిన్న రెగ్యులేటరు అంత ధారని వదల్లేదు. ఐడిల్లో (బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) పీడనం పెరిగి, పెట్రోలు ఎక్కువ పడి ప్లగ్గులు నల్లబడతాయి, ఊరికే తిరిగే పెట్రోలు వేడెక్కుతుంది. పైగా పంపు పవర్ పుట్టించదు. ఎంత చిమ్మాలో చెప్పేది ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటరు, చిమ్మేది ఇంజెక్టర్లు. డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్లోకే పెట్రోలు చిమ్మే) కార్లలోనైతే ఇంజన్ మీదుండే హై ప్రెషర్ పంపు హద్దు వేరే ఉంది.

నిజంగానే పెద్దది అవసరమైతే ముందు తీగ చూడండి. పంపు 12 ఆంపియర్లు లాగితే, 4 మీటర్ల దూరం వెళ్లి రావడానికి 1 చదరపు మిల్లీమీటరు తీగలో 1.6 ఓల్టులు పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.4. బ్యాటరీ నుంచి ఫ్యూజు, 30 ఆంపియర్ల రిలేతో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చితో) విడిగా లైను లాగి, పాత పంపు తీగతో ఆ రిలేని ఆన్ చేయించాలి. అప్పుడు కారు ఆగితే పంపూ ఆగుతుంది.

బిగించేటప్పుడు ట్యాంకు పావు వంతు మించకూడదు. పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ తనంతట ఆగేదాకా నడపండి. పైపుల్లో పీడనం దిగుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ విప్పాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. సర్వీసు గోతిలో దిగి ఈ పని చెయ్యొద్దు. వెనక సీటు కింద మూత చుట్టూ దుమ్ము ముందే తుడిచి, లాక్ రింగుని ఇత్తడి కడ్డీతో తట్టి తిప్పాలి, ఇనుముతో నిప్పురవ్వ లేస్తుంది. మూత కింది రబ్బరు ‘ఓ-రింగు’, పంపు నోటి జల్లెడ కొత్తవే వెయ్యండి. ట్యాంకు లోపలికి మునిగి ఉండగలిగే 30ఆర్10 రకం హోసే వాడాలి. బయట వాడే హోసు పెట్రోల్లో నాని ఉబ్బుతుంది, కొన్నాళ్లకి జారిపోతుంది.

ఇక మన నీళ్ల గొడవ. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి, పంపు నోరున్నదీ అక్కడే. వరదలో మునిగిన బండికి ట్యాంకు ఖాళీ చేసి కడగకుండా కొత్త పంపు వేస్తే డబ్బు దండగ. అంతర్వేది, నరసాపురం ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులకి చిలుం పడుతుంది. అక్కడా ఓల్టులు పోతాయి.

చివరికి తాళం మూడు నాలుగుసార్లు ఆన్ చేసి, లీకులు చూసుకుని, పెట్రోలు పీడనం చూపే గేజి తగిలించి లోడు మీద నడపండి. బూస్టుని బట్టి సర్దే రెగ్యులేటరుంటే, బూస్టు ఎంత పెరిగితే రైలు పీడనం అంతే పెరగాలి. బూస్టు ఎక్కుతుంటే ముల్లు దిగుతోందా, వెంటనే యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యాలి. పెట్రోలు చాలని సిలిండర్లో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలై పిస్టను కరగడానికి ఎంతోసేపు పట్టదు.